ఎవరినీ ఏడిపించకుండా తీసిన పెద్దల వీడియోలు అసలు ఉన్నాయా?

నిజాంపేట్_నీలవేణి
నేనూ మావారూ అప్పుడప్పుడు కలిసే చూస్తాం ఇలాంటివి, అందులో మాకు సిగ్గేం లేదు, ఇక్కడ చాలామంది చూస్తారని కూడా తెలుసు కాబట్టి డైరెక్ట్‌గా అడుగుతున్నా. ఈమధ్య నాకు ఒక్కటి కూడా చివరిదాకా చూడబుద్ధి కావట్లేదు. ఫ్రీ సైట్ తెరిస్తే మన ఇండియా సెక్షన్‌లో పైవరసంతా "లీక్ అయింది", "దొంగచాటుగా తీసింది", "హాస్టల్ అమ్మాయి", "పక్కింటి ఆంటీకి తెలీకుండా" ఇవే పేర్లు. ఒకదాంట్లో ఆ పిల్ల ఫోన్ తనవైపు ఉందని అప్పుడే చూసింది, గబుక్కున చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది, వాడేమో నవ్వుతూ ఆ చున్నీ లాగేస్తున్నాడు. దాని కింద లక్షల్లో వ్యూస్! ఆపేసి ఫోన్ పక్కన పడేశాం ఇద్దరం.
నా ప్రశ్న సింపుల్. అందులో ఉన్నవాళ్ళు నిజంగా ఇష్టపడి, డబ్బులు సరిగ్గా తీసుకుని, రేపు వద్దనుకుంటే తీయించుకోగలిగేలా తీసినవి ఎక్కడైనా ఉన్నాయా? డబ్బు కట్టడానికి రెడీ. ఉంటే వాటిని ఎలా గుర్తుపట్టాలి? "మానెయ్యండి అదే మంచిది" అని చెప్పడానికైతే దయచేసి రాయొద్దు.

మియాపూర్_మెట్రో
ఫ్రీగా దొరికేవాటిలో అయితే వెతకడం దండగండీ. అక్కడ ఎవరు అప్‌లోడ్ చేశారో, అందులో ఉన్నవాళ్ళెవరో సైట్ వాడికే తెలీదు, తెలుసుకోవాలని కూడా ఉండదు.

తార్నాక_పెద్దాయన
రాయొద్దన్నా రాస్తున్నానమ్మా, ఏమీ అనుకోకు. డబ్బు కోసం ఒంటిని కెమెరా ముందు పెట్టడంలో మంచి రకం చెడ్డ రకం ఏముంటాయి? పేరు మార్చి అమ్ముతున్నారు, అంతే.

కాచిగూడ_కామ్రేడ్
పెద్దాయనా, అయితే ఆ చున్నీ లాగినోడూ, పద్ధతిగా కాంట్రాక్ట్ రాసుకుని తీసినోళ్ళూ ఒకటేనా? రెండూ ఒకే గాటన కడితే లాభం ఎవరికి, ఆ మొదటోడికే గదా.

లాయర్_సుధ
ముందు చట్టం సంగతి చెప్పేస్తా, ఎందుకంటే ఈ టాపిక్ వచ్చినప్పుడల్లా సగంమంది భయపడి రాయరు, మిగతా సగం తెలీక ఇరుక్కుంటారు.
పెద్దవాళ్ళు, పెద్దవాళ్ళు నటించినది, తమ ఇంట్లో తాము చూసుకోవడం మన దేశంలో నేరం కాదు. 2023లో కేరళ హైకోర్టు కూడా ఇదే చెప్పింది, ఒంటరిగా ఫోన్‌లో చూసుకుంటే అశ్లీలం సెక్షన్ కింద కేసు నిలవదని. నేరం ఎక్కడ మొదలవుతుందంటే ఫార్వర్డ్ దగ్గర. ఐటీ చట్టం 67ఏ సెక్షన్ ప్రకారం అలాంటిది పబ్లిష్ చేసినా, పంపినా మొదటిసారికే అయిదేళ్ళ దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. వాట్సాప్ గ్రూపులో "ఇది చూడండ్రా" అని వేసినా పంపడమే.
పిల్లలకి సంబంధించినదైతే చూడటం, దాచుకోవడం, వెతకడం అన్నీ నేరమే, అందులో ఏ సందూ లేదు. మద్రాసు హైకోర్టు డౌన్‌లోడ్ చేసుకోవడం నేరం కాదంటే 2024 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది.
నీలవేణి గారు చెప్పిన ఆ చున్నీ వీడియో ఉంది చూశారా, ఆ తీసినోడి మీద ఐటీ చట్టం 66ఈ పెట్టొచ్చు, కొత్త న్యాయ సంహితలో 77వ సెక్షన్ పెట్టొచ్చు. అమ్మాయి తీయడానికి ఒప్పుకుని, నలుగురికీ చూపించడానికి ఒప్పుకోకపోయినా సరే నేరమే. ఈ ముక్క చాలామందికి తెలీదు, "తనే పంపింది కదా" అంటారు. మీకు పంపింది. ఊరికి కాదు.

గచ్చిబౌలి_గాలి
చివరి రెండు వాక్యాలు ఫ్రేమ్ కట్టించి ప్రతి బాయ్స్ హాస్టల్లో తగిలించాలి

మియాపూర్_మెట్రో
నా ఉద్యోగం పేమెంట్ గేట్‌వే సైడు, అందుకే ఇది దగ్గర్నుంచి ఫాలో అయ్యా, చెప్తా వినండి. ప్రపంచంలోకెల్లా పెద్ద సైట్ పోర్న్‌హబ్ ఉంది కదా, ఏళ్ళ తరబడి ఎవడు పడితే వాడు ఏది పడితే అది ఎక్కించేవాడు. 2020 డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో, మైనర్లవీ బలవంతం చేసినవీ అందులో తిరుగుతున్నాయని కథనం వచ్చింది. కొద్ది రోజుల్లోనే వీసా, మాస్టర్‌కార్డ్ ఆ సైట్‌కి పేమెంట్లు ఆపేశాయి. అప్పుడేం చేశారు? దాదాపు కోటి వీడియోలు ఒక్క దెబ్బకి పీకేశారు. అంటే సైట్‌లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఎవరు పెట్టారో వాళ్ళకే తెలీదన్నమాట! బాధితులు ఏళ్ళుగా మొత్తుకుంటే కదలనిది కార్డు కంపెనీ కన్నెర్ర చేస్తే వారంలో కదిలింది.
తర్వాత 2021 అక్టోబర్ నుంచి మాస్టర్‌కార్డ్ రూల్ పెట్టింది. అడల్ట్ సైట్ ఏదైనా సరే, ఎక్కించినోడి ఐడీ, అందులో కనిపించే ప్రతి మనిషి వయసు, ఒప్పుకోలు కాగితం ఉండాలి, పైకెక్కే ముందు చెక్ చేయాలి, కంప్లయింట్ వస్తే ఏడు పనిదినాల్లో తేల్చాలి. కాబట్టి మొదటి గుర్తు ఇదే, కార్డుతో డబ్బు తీసుకునే సైటైతే కనీసం అడిగేవాడు ఒకడున్నాడు. మొత్తం యాడ్ల మీద నడిచే ఫ్రీ సైట్‌ని అడిగేవాడే లేడు.
జగదీష్ మార్కెట్లో బిల్లు లేని ఫోన్ కొన్నట్టు అది. చవగ్గా ఎందుకొచ్చిందో కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు.

పాతబస్తీ_షేర్వాణీ
జగదీష్ మార్కెట్ని ఏమనకు భాయ్, బిల్లు ఇచ్చే దుకాణాలు గూడ ఉన్నయి ఆడ 😀

వనస్థలిపురం_వనజ
డబ్బు కట్టినంత మాత్రాన, కాగితం ఉన్నంత మాత్రాన సరిపోతుందా? అమెరికాలో శాన్ డియేగో కేసు చదవండి. ఒక వీడియో సైట్ వాళ్ళు మోడలింగ్ అని యాడ్ ఇచ్చి ఇరవై ఏళ్ళకి అటూ ఇటూ వయసున్న కాలేజీ అమ్మాయిల్ని పిలిపించారు. మీ వీడియో నెట్‌లో రాదు, వేరే దేశంలో డీవీడీగా మాత్రమే అమ్ముతాం, మీ ఊళ్ళో ఎవరికీ తెలీదని చెప్పి సంతకాలు పెట్టించుకున్నారు. తర్వాత నెట్‌లో పెట్టేశారు, వాళ్ళ చదువుకునే చోట్ల, ఇళ్ళల్లో అందరికీ చేరిపోయింది. 22 మంది అమ్మాయిలు కోర్టుకెక్కితే 2020 జనవరిలో కోటీ ఇరవై ఏడు లక్షల డాలర్లు కట్టమని తీర్పొచ్చింది. ఆ సైట్ ఓనర్ పారిపోయి 2022 చివర్లో స్పెయిన్‌లో దొరికాడు, 2025లో 27 ఏళ్ళ శిక్ష పడింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఆ వీడియోలు చూసేవాళ్ళకి లీక్డ్ అనిపించవు. మంచి లైటింగ్, నవ్వుతున్న అమ్మాయి, పక్కాగా కాంట్రాక్ట్. కన్సెంట్ ఉన్నట్టే కనిపిస్తుంది. మీరు ఏ గుర్తులు చెప్పినా అవన్నీ వాళ్ళ దగ్గర ఉండేవి.

నిజాంపేట్_నీలవేణి
వనజ గారూ ఇది చదివాక ఇంకా భయమేస్తోంది. అయితే లేనే లేవంటారా?

వనస్థలిపురం_వనజ
లేవనే నా అభిప్రాయం. అద్దె కట్టలేక ఒప్పుకున్నదాన్ని ఇష్టం అనను నేను. నలభై మంది చూసే గదిలో "వద్దు" అనగల ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

జూబ్లీ_బస్టాండ్
అద్దె కట్టడానికే కదా అందరం పనికి పోయేది. బీడీలు చుట్టే ఆమె ఇష్టపడి చుడుతుందా? దానికి మనం బీడీలమ్మ కూలి పెంచాలంటాం, రక్షణ ఇవ్వాలంటాం. వీళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం పనే ఉండొద్దంటాం. ఆ పని చేసేవాళ్ళు సంఘాలు పెట్టుకుని ఏం అడుగుతున్నారో అది వినాలి ముందు.

వనస్థలిపురం_వనజ
బీడీ చుట్టిన వీడియో పదేళ్ళ తర్వాత ఆమె కూతురి పెళ్ళి చెడగొట్టదు. రెండూ ఒకటి కాదు.

జూబ్లీ_బస్టాండ్
అది ఒప్పుకుంటా. ఆ తేడా చూసేవాళ్ళ వల్ల వచ్చింది గానీ చేసేవాళ్ళ వల్ల కాదు అనేది మాత్రం నా మాట.

ఫిల్మ్‌నగర్_ఏడీ
నలభై మంది చూసే గది అన్నారు కాబట్టి చెప్తున్నా. నేను అడల్ట్ వీడియోల్లో కాదు, మామూలు వెబ్‌సిరీస్‌లకి అసిస్టెంట్ డైరెక్టర్‌ని. ఒక సిరీస్‌లో బెడ్‌రూమ్ సీన్ ఉంది. దానికి ముంబై నుంచి ఇంటిమసీ కోఆర్డినేటర్ వచ్చింది. షూటింగ్‌కి ముందే హీరోయిన్‌తో విడిగా కూర్చుని చెయ్యి ఎక్కడిదాకా, వీపు కనబడొచ్చా, ముద్దు నిజంగానా చీటింగ్ షాటా, అన్నీ రాయించుకుంది. అది కాంట్రాక్ట్‌కి జతచేశారు. సెట్లో కెమెరామన్, ఫోకస్ పుల్లర్, డైరెక్టర్, ఇంకో ఒకరిద్దరు తప్ప అందరూ బయటికి. మానిటర్‌కి నల్లగుడ్డ. ప్రొడ్యూసర్ గారి బావమరిది ఊరికే చూద్దామని వస్తే ఆవిడ తలుపు దగ్గర ఆపి "మీ పేరు లిస్టులో లేదు సార్" అంది, మా అందరికీ గుండె ఆగినంత పనైంది, కానీ ఆయన వెళ్ళిపోయాడు! మధ్యలో హీరోయిన్ ఒక్కసారి చెయ్యి పైకెత్తింది, అంతే, కట్. ఎందుకు అని ఎవరూ అడగలేదు. తర్వాత డైలాగ్ మార్చి తీశాం, సీన్ ఇంకా బాగా వచ్చింది.
కాబట్టి "వద్దు" అనగలిగేలా సెట్‌ని నడపడం సాధ్యమే, నా కళ్ళతో చూశాను. అలా నడిపే అడల్ట్ కంపెనీలు ఉంటే వాటికి డబ్బు కట్టడం తప్పని నేననుకోను. నడుపుతున్నారా లేదా అన్నదే ప్రశ్న.

ఎల్బీనగర్_లత
"మీ పేరు లిస్టులో లేదు సార్" 👏👏 ఆవిడకి దండం

కాచిగూడ_కామ్రేడ్
నడిపేటోళ్ళు ఉన్నరు. ఇది కొత్త ముచ్చట గూడ కాదు. అమెరికాల క్యాండిడా రాయల్ అని ఒకామె, ముందు తనే ఆ సినిమాలల్ల నటించింది, ఆడవాళ్ళ ఇష్టం అన్నది అండ్ల ఎక్కడా లేదని విసుగొచ్చి 1984ల సొంత కంపెనీ పెట్టింది. ఇప్పుడు బార్సిలోనాల ఎరికా లస్ట్ అనే స్వీడన్ ఆమె అట్లనే తీస్తున్నది, నటులకు ముందే మాట్లాడుకున్న డబ్బు, సెట్‌ల ఎక్కువమంది ఆడవాళ్ళే, సీన్ మొదలుగాక ముందు నటులతోటి మాటామంతీ చూపెడుతరు. ఇంకొకటి సిండీ గాలప్ అని, 2009ల టెడ్ వేదిక మీద మాట్లాడి పెట్టిన సైట్, మేక్ లవ్ నాట్ పోర్న్. అండ్ల మామూలు జంటలే తమ వీడియోలు పెడుతరు, ప్రతిదాన్నీ మనిషి కూసొని చూసి సరే అన్నంకనే పైకెక్కుతది, వచ్చిన పైసలల్ల వాటా పెట్టినోళ్ళకు పోతది. అన్నీ పైసలు కట్టేవే.
నేను చూసేది ఒక్కటే. నటుల పేర్లు వేస్తున్నరా లేదా. సినిమాకు టైటిల్స్ ఉన్నట్టు ఇక్కడ గూడ పేరున్న మనిషి ఉంటే ఆ మనిషి బయట ఏమంటున్నదో మనం చదువుకోవచ్చు. పేరు బదులు "తెలుగు ఆంటీ హాట్" అని ఉన్నకాడ మనిషే లేదన్నట్టు.

లాయర్_సుధ
ఆ చివరి పాయింట్ వనజ గారి శాన్ డియేగో ఉదాహరణకి కూడా పనికొస్తుంది. అక్కడ అమ్మాయిల పేర్లు వేయలేదు, వాళ్ళు బయట మాట్లాడే దారి లేదు. అసలు పేరు కాకపోయినా ఒక స్క్రీన్ పేరుతో ఏళ్ళ తరబడి పనిచేస్తూ, సొంత పేజీలో తన పని గురించి తనే మాట్లాడే మనిషికీ, ఒక్కసారి కనిపించి మాయమైపోయిన ఇరవై ఏళ్ళ పిల్లకీ చాలా తేడా ఉంది. రెండోదానికి దూరంగా ఉండండి.
ఇంకోటి, ఎవరైనా ఉత్సాహపడి ఇక్కడే అలా తీద్దాం అనుకునేరు. పైన చెప్పిన 67ఏ మన దేశంలో తీసి నెట్‌లో పెట్టేవాళ్ళకి కూడా వర్తిస్తుంది, ఎంత ఇష్టపడి తీసినా సరే. అంటే మన దగ్గర పద్ధతిగా తీయడానికి చట్టబద్ధమైన దారి లేదు, దొంగతనంగా తీసినవి మాత్రం కుప్పలు. ఇది ఎంత తలకిందుల వ్యవహారమో చూడండి.

సోమాజిగూడ_సౌండ్
2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆర్డర్ తర్వాత 827 సైట్లు బ్లాక్ చేశారు కదా, ఏం ఒరిగింది? కాస్తో కూస్తో కంప్లయింట్ బటన్ ఉన్న పెద్ద సైట్లు పోయాయి, పేరూ ఊరూ లేని మిర్రర్ సైట్లు, టెలిగ్రామ్ ఛానళ్ళు వచ్చాయి. లీక్ అయిన అమ్మాయికి ఇప్పుడు ఎవర్ని అడగాలో కూడా తెలీదు.

హయత్‌నగర్_హరి
ఏఐ బొమ్మలు, ఏఐ వీడియోలు అయితే గొడవే లేదు కదా? అందులో మనిషే లేదు, ఎవరినీ ఏడిపించినట్టు కాదు

గచ్చిబౌలి_గాలి
ఆ మోడల్స్ దేనిమీద నేర్చుకున్నాయి బ్రో? నేను ఇదే ఫీల్డ్. లైయాన్ అని ఒక పెద్ద డేటాసెట్, అంటే బొమ్మల కుప్ప, చాలా బొమ్మల మోడల్స్ దానిమీదే తయారయ్యాయి. 2023 డిసెంబర్‌లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు అందులో పిల్లల మీద అఘాయిత్యాల ఫోటోలు వెయ్యికి పైగా ఉన్నాయని తేల్చారు. మిగతావి కూడా నెట్‌లోంచి ఎవర్నీ అడగకుండా ఊడ్చుకొచ్చినవే. ఆ పైన జనం దాంతో చేసేది ఏంటి, తెలిసిన మొహం అతికించడం. రష్మిక డీప్‌ఫేక్ గుర్తుందిగా, 2023 నవంబర్. ఆవిడ స్టార్ కాబట్టి ఢిల్లీ పోలీసులు గుంటూరు దాకా వచ్చి పట్టుకున్నారు. ఆఫీసులో పక్క సీటు అమ్మాయికి జరిగితే?

హయత్‌నగర్_హరి
డేటాసెట్ సంగతి నాకు తెలీదు. థాంక్స్ అన్నా

కోఠి_పాతపుస్తకాలు
అందరూ వీడియో దగ్గరే ఆగిపోయారు. అసలు వీడియోయే కావాలా? అక్షరంలో ఎవరి ఒళ్ళూ ఉండదు, ఎవరి మొహమూ ఉండదు.
మనకి ఇది పరాయి సంగతి కూడా కాదండీ. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం చదవండి. ఒక ఆడది, ఆడదాని కోరికని, దాని అలకని, దాని చొరవని ఏ దాపరికం లేకుండా పద్యాల్లో చెప్పింది. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ కోతలు లేకుండా అచ్చు వేయిస్తే అప్పటి తెల్ల ప్రభుత్వం బూతని నిషేధించింది. వీరేశలింగం గారంతటివారు కూడా ఆ పుస్తకాన్ని తిట్టారు. టంగుటూరి ప్రకాశం గారి హయాంలో గానీ నిషేధం ఎత్తలేదు. నాగరత్నమ్మ అడిగింది ఏంటంటే, మగ కవులు ఇంతకన్నా పచ్చిగా రాస్తే శృంగారం అని మెచ్చుకుంటారు, ఆడది రాస్తే తప్పెలా అయింది అని. క్షేత్రయ్య పదాలు కూడా అంతే, ఎవరైనా విడమరిచి అర్థం చెప్తూ పాడితే వినండి, ఏ వీడియోకీ తీసిపోదు. ఇద్దరూ కలిసి చదువుకుంటే ఇంకా బాగుంటుంది నీలవేణి గారూ. ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద ఇలాంటి పాతవి దొరుకుతుంటాయి, గ్రాంథికానికి భయపడొద్దు, టీక ఉన్న ప్రతి చూసి తీసుకోండి.

నిజాంపేట్_నీలవేణి
ఇది నేను అస్సలు అనుకోలేదు! ఈ ఆదివారమే వెళ్తాం.

ఎల్బీనగర్_లత
పుస్తకాలు సరే, నెట్‌లో తెలుగు కథల సైట్లు చూశారా ఎప్పుడైనా? వరసలు లేవు, వావి లేదు, సగం కథల్లో మొదట బలవంతం చేస్తాడు, తర్వాత ఆమెకి నచ్చేస్తుంది. దాన్ని చదివి పెరిగిన పిల్లాడు రేపు భార్య వద్దంటే ఏం అర్థం చేసుకుంటాడు? అక్షరమైతే అంతా మంచిదని కాదు. పైగా కథ పక్కన ఎవరో అమ్మాయి ఫేస్‌బుక్ ఫోటో ఎత్తుకొచ్చి పెడతారు, పట్టుచీర కట్టుకుని పెళ్ళిలో దిగిన ఫోటో. ఆమెకి తెలుసా తన ఫోటో అక్కడుందని?

కోఠి_పాతపుస్తకాలు
నూటికి నూరుపాళ్ళు నిజం లత గారూ. అందుకే మంచివి రాసేవాళ్ళు కావాలి. ఇద్దరికీ ఇష్టమై, ఇద్దరూ మాట్లాడుకునే సరసం తెలుగులో రాసేవాళ్ళు ఇప్పుడు మరీ తక్కువైపోయారు.

సోమాజిగూడ_సౌండ్
ఆడియో కూడా ఉంది. డిప్సీ, క్విన్ లాంటి యాప్‌లు, గొంతుతో చెప్పే సరసమైన కథలు, ఎక్కువగా ఆడవాళ్ళ కోసం చేసినవి. స్టూడియోలో ఇద్దరు ఆర్టిస్టులు మైకు ముందు నిలబడి స్క్రిప్ట్ చదువుతారు, ఎవరూ ఏం విప్పక్కర్లేదు. నేను డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తా, శ్వాస ఒక్కటి సరిగ్గా పడితే సీన్ ఎంత మారిపోతుందో రోజూ చూస్తా. తెలుగులో ఇలాంటిది నాకు కనబడలేదు, మన డబ్బింగ్ ఆర్టిస్టుల గొంతులు వింటే ఎంత బాగా చేయగలరో అనిపిస్తుంది.

లాయర్_సుధ
చేసే ముందు నన్ను కలవండి 🙂 67, 67ఏ రెండిట్లోనూ సాహిత్యం, కళ, శాస్త్రం కోసం చేసినవాటికి మినహాయింపు ఉంది, కానీ మీది కళ అని కోర్టులో నిరూపించుకోవాల్సింది మీరే.

తార్నాక_పెద్దాయన
ముద్దుపళని సంగతి విన్నాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. చదువుకునేదానికి నాకు అభ్యంతరం లేదు. కెమెరా విషయంలో మాత్రం వనజమ్మ వైపే.

ఎర్రగడ్డ_సైకాలజీ
కౌన్సెలర్‌ని. నీతి ప్రశ్నకీ అలవాటు ప్రశ్నకీ ముడిపెట్టి నా దగ్గరికి చాలామంది వస్తారు, "నేను చూస్తాను కాబట్టి నాకు జబ్బు" అనుకుంటూ. డబ్ల్యూహెచ్‌ఓ జబ్బుల జాబితా ఐసీడీ 11లో, 2022 నుంచి అమల్లో ఉన్నది, అదుపు లేని లైంగిక ప్రవర్తన అని ఒక సమస్యని చేర్చారు. దాని కొలత ఎన్నిసార్లు చూశారన్నది కాదు. ఆపాలని పదే పదే ప్రయత్నించినా ఆపలేకపోవడం, ఉద్యోగం, కాపురం, ఆరోగ్యం దెబ్బతినడం, అది నెలల తరబడి సాగడం. తప్పు చేస్తున్నానన్న గిల్టు ఒక్కటే ఉంటే అది జబ్బు కిందికి రాదని అందులోనే రాశారు. నీలవేణి గారికి ఉన్నది జబ్బూ కాదు, గిల్టూ కాదు, ఎదుటి మనిషి గురించి పట్టింపు. అది ఉండటం చాలా మంచిది.

ఎల్బీనగర్_లత
మేడం/సార్, నాకు టెన్త్ చదివే బాబు ఉన్నాడు. వాడి క్లాసు గ్రూపుల్లో ఏవేవో తిరుగుతాయని భయం. ఎలా మాట్లాడాలి?

ఎర్రగడ్డ_సైకాలజీ
తిట్టకుండా, ఫోన్ లాక్కోకుండా మొదలుపెట్టండి. నెట్‌లో ఉన్నది నటన, నిజం మనుషులు అలా ఉండరని చెప్పండి. ఎవరిదైనా ఫోటో గ్రూపులో వస్తే ఫార్వర్డ్ చెయ్యకుండా వెంటనే మీ దగ్గరికి తేవాలని, తెస్తే మీరు కోప్పడరని మాటివ్వండి. ఆ మాట మీద నిలబడండి. మిగతాది వాడే అడుగుతాడు.

చిక్కడపల్లి_చెల్లి
నేను ఇప్పటిదాకా చదువుతూ ఉన్నా, రాయాలా వద్దా అని. రాస్తున్నా.
నా ఫ్రెండ్‌ది లీక్ అయింది. బ్రేకప్ అయ్యాక వాడు పెట్టాడు. దానికి తెలిసింది ఎలాగో తెలుసా, వాళ్ళ పిన్ని కొడుకు ఫోన్ చేసి "అక్కా, ఇది నువ్వేనా" అన్నాడు. ఆ తర్వాత అది నెలల పాటు బయటికి రాలేదు, రూమ్‌లో ఫ్యాన్ తిరిగితే చాలు ఎవరో ఫోటో తీస్తున్న సౌండ్ అనుకునేది. మేము షీ టీమ్స్‌కి వెళ్ళాం. అక్కడ లేడీ కానిస్టేబుల్ చాలా బాగా మాట్లాడింది, మొదట నీళ్ళు తాగించింది, "నీ తప్పేం లేదు" అంది, ఫ్రెండ్ అప్పుడు ఏడ్చింది మొదటిసారి. కేసైంది. వాడిని పట్టుకున్నారు.
మీలో ఎవరికైనా, ఎవరి తరఫునైనా అవసరం పడితే ఇవి గుర్తుపెట్టుకోండి. కోపంలో ముందే డిలీట్ చేయించకండి, లింకు పైన కనబడేలా, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే ఏదైనా. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ళకీ పిల్లలకీ విడిగా సెక్షన్ ఉంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక సైట్, 2021 నుంచి ఉంది, మన ఫోటో మన ఫోన్ దాటి బయటికి వెళ్ళదు, దాని వేలిముద్ర లాంటి ఒక కోడ్ మాత్రమే వెళ్తుంది, ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటివి ఆ కోడ్‌తో పోల్చి ఆపేస్తాయి. ఇంకా 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఇలాంటి వాటిమీద బాధితురాలు గానీ తన తరఫున ఇంకొకరు గానీ కంప్లయింట్ ఇస్తే సైట్ వాళ్ళు గంటల్లోనే తీసేయాలి.
ఇవన్నీ చేశాం. అయినా కొత్త పేరుతో మళ్ళీ మళ్ళీ వస్తుంది. మేం ముగ్గురం వంతులు వేసుకుని వెతికి రిపోర్ట్ కొడతాం, దాన్ని మాత్రం చూడనివ్వం.
ఎథికల్ గురించి మీరు ఎన్నైనా వాదించుకోండి. "లీక్డ్" అని రాసి ఉన్నదాని మీద నొక్కకండి. ఒక్కో క్లిక్కుకీ అది పైకెక్కుతుంది, మేము ఇంకోసారి వెతకాలి.

జూబ్లీ_బస్టాండ్
చెల్లీ, మీ ముగ్గురికీ నమస్కారం. ఆ ఫ్రెండ్‌కి మీరున్నారు, అది చిన్న విషయం కాదు.

వనస్థలిపురం_వనజ
వీళ్ళ కోసమే నా బాధంతా. మీకు వెతికేందుకు ఇంకో మనిషి కావాలంటే చెప్పమ్మా, నేను రాత్రిళ్ళు ఖాళీనే.

చిక్కడపల్లి_చెల్లి
మెసేజ్ పెడతా అక్కా. థాంక్యూ.

ఎస్సార్‌నగర్_హాస్టల్
చెల్లి పోస్ట్ చదివినంక అడుగుతున్నా. మా హాస్టల్ల ఒక టెలిగ్రామ్ గ్రూప్ ఉంది, వందల మంది ఉన్నరు, రోజూ ఇవే పడతయి, నన్ను ఎవడో యాడ్ చేసిండు. బయటికొస్తే సరిపోతదా? అడ్మిన్ మా పక్క రూమ్‌వాడే. కంప్లయింట్ ఇస్తే నా పేరు బయటపడ్తదా?

లాయర్_సుధ
ముందు ఆటో డౌన్‌లోడ్ ఆపెయ్, నీ ఫోన్‌లో ఏదీ దిగకూడదు. అందులో మైనర్లవి ఉన్నాయని అనుమానం వస్తే తెరవద్దు, సేవ్ చేయొద్దు, సాక్ష్యం కోసమని కూడా వద్దు, గ్రూప్ పేరూ లింకూ చాలు. ఆ లింకు, అడ్మిన్ యూజర్‌నేమ్ కాగితం మీద రాసుకుని పోర్టల్‌లో అజ్ఞాతంగా రిపోర్ట్ చెయ్. అది కొట్టాక గ్రూప్‌ని టెలిగ్రామ్‌కి కూడా రిపోర్ట్ కొట్టి బయటికి రా. పక్క రూమ్ కదా అని ముందే వెళ్ళి గొడవ పడకు, వాడు గ్రూప్ డిలీట్ చేసి ఇంకోటి పెడతాడు.

ఎస్సార్‌నగర్_హాస్టల్
సరే మేడం. లింక్ రాసుకున్న. పోర్టల్ ఓపెన్ చేసిన, స్టేట్ తెలంగాణ అని పెట్టిన, కేటగిరీ రెండు కనబడుతున్నయి, ఏది నొక్కాలె?

చిక్కడపల్లి_చెల్లి
ఆడవాళ్ళు, పిల్లలు అని ఉన్నది నొక్కు. అందులో పేరు ఇవ్వకుండా రిపోర్ట్ చేసే ఆప్షన్ ఉంటుంది. ఎక్కడైనా ఆగితే ఇక్కడే రాయి, ఆన్‌లైన్‌లోనే ఉన్నా.